ముందొచ్చిన సరుకు ముందు

మా ఇంట్లో సరుకులకు తేదీలుండవు, ఓడలుంటాయి. కందిపప్పు ఎప్పటిదని అడిగితే మా అత్త నెల చెప్పదు, వారం చెప్పదు. పోయిన ఓడది అంటుంది. చింతపండు రెండు ఓడల కిందటిది. బెల్లం అంతకంటే ముందు ఓడది, దింపేటప్పుడు వానలో తడిసింది కాబట్టి తొందరగా వాడెయ్యాలి. మెయిన్‌ల్యాండ్ నుంచి సరుకు దిగితే తప్ప పోర్ట్ బ్లెయిర్‌లో కొట్ల అరలు నిండవు కనక ఈ లెక్క తప్పని అనలేం. నేనూ ఈ ఊళ్లో పుట్టి పెరిగినదాన్నే. కానీ మా అమ్మావాళ్లింట్లో గోడకు క్యాలెండరు ఉండేది. పెళ్లయి వచ్చాక ఈ ఓడల లెక్క తలకెక్కడానికి నాకు ఏడాది పట్టింది.

అత్త వంటింటికి ఒకటే చట్టం, ముందొచ్చిన సరుకు ముందు. పాత బియ్యం గింజ లేకుండా అయిపోయాకే కొత్త బస్తా మూతి విప్పాలి. పైగా ఎప్పుడు చూసినా రెండు ఓడలకు సరిపడా సరుకు ఇంట్లో ఉండి తీరాలి. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? మేం ఎన్నడూ కొత్త సరుకు తిన్న పాపాన పోలేదు. పక్కింట్లో కొత్త కందిపప్పు ఘుమఘుమలాడుతుంటే మేం ముక్కిన పప్పు తింటూ, మా కొత్త పప్పు కూడా ముక్కేదాకా కాచుకుని కూర్చునేవాళ్లం. ఈ మాట ఒకసారి వేళాకోళంగా అంటే అత్త నవ్వలేదు. మా ఆయన ఇంకా పాకే వయసులో ఉండగా సముద్రం బాగోక ఓడ రాలేదట. ఇంట్లో బియ్యం నిండుకున్నాయట. పచ్చిబొప్పాయి ఉడకబెట్టి పిల్లాడికి పెట్టిందట. ఉప్పు చల్లుదామంటే ఉప్పు కూడా చెమ్మకి నీరైపోయి ఉందట. ఆ తర్వాత నేను మళ్లీ వేళాకోళం చెయ్యలేదు.

వంటింటి వెనక చిన్న చీకటి గది ఆవిడ భాండాగారం. నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములో బియ్యం. పాలపొడి డబ్బాల్లో పప్పులు, పైన గుడ్డ కట్టి దాని మీద మూత. ఈ దీవుల చెమ్మలో పురుగు పట్టని గింజ ఉండదు కాబట్టి బియ్యంలో ఎండిన వేపాకు, పప్పుల్లో ఎండు మిరపకాయలు, చక్కెరలో చీమలకు లవంగాలు. అటక మీద మైదా, సేమియా, బొంబాయిరవ్వ, బిస్కెట్లు. అత్తకు చదువు రాదు. అయినా ఏ డబ్బా ఏ ఓడదో ఆవిడకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఇక నా సంగతి. నేను బడిలో మూడో తరగతికి పాఠాలు చెబుతాను. ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీసే పిల్లలంటే నాకు ముద్దు, నేనూ ఆ బాపతే కాబట్టి. ప్యాకెట్టు వెనక సన్నక్షరాలు చదవకుండా దేన్నీ కొనలేను. ఉప్పు ప్యాకెట్టు కూడా తిప్పి చదువుతాను. నాతో బజారుకు రావాలంటే మా ఆయనకు హడలు.

ఆయన దీవుల మధ్య తిరిగే ఓడలో ఇంజన్ గదిలో పని చేస్తాడు. నికోబార్ వైపు వెళితే వారం పది రోజులకు గాని ఇంటికి రాడు. ఓడవాళ్లకు ఏటా ఒంటి పరీక్ష ఉంటుంది. ఆ ఏడాది పరీక్షలో రక్తంలో చక్కెర హద్దు దాటిందని తేలింది. గత మూడు నెలల్లో సగటున ఎంత ఉందో చెప్పేసే పరీక్షట అది. ముందురోజు కడుపు మాడ్చుకుని బుకాయిద్దామంటే కుదరదు. డాక్టరు ఒక మాత్ర రాసి, తిండి మార్చుకుని మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నాడు. అప్పటికీ దిగకపోతే ఓడ ఎక్కనివ్వరు, ఒడ్డు మీద వర్క్‌షాపులో వేస్తారు. జీతం తగ్గదు, ఉద్యోగం పోదు. ఇంకొకరైతే పండగ చేసుకునేవారు. మా ఆయన సెలవులో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఐదో రోజు ఏ రోగమూ లేని కుళాయిల్ని విప్పి బిగిస్తుంటాడు. ఆయనకు ఇల్లు చుట్టపుచూపుగా బాగుంటుంది, సముద్రం ఇల్లులా ఉంటుంది. ఆ పూట అన్నం కలుపుతున్నవాడు ఆగిపోయి, "ఒడ్డు మీద నేనేం చేస్తాను" అన్నాడు. పెళ్లయిన పదహారేళ్లలో ఆ గొంతు నేను వినలేదు. నాకు భయం వేసింది.

భయం వేస్తే నేను చదువుతాను. ఫోనులో చక్కెర రోగుల భోజనం పట్టిక ఒకటి దొరికింది. పొద్దున ఓట్స్, పదింటికి యాపిల్, మధ్యాహ్నం ముడిబియ్యం అన్నంతో బ్రకోలీ, సాయంత్రం బాదంపప్పులు, రాత్రికి ఏదో సూపు. శనివారం సంచులు పట్టుకుని అబర్డీన్ బజార్‌కు దండయాత్ర వెళ్లాను. బ్రకోలీ ఒకే ఒక్క కొట్టులో ఉంది. పచ్చగా ఉండవలసింది పసుపు పచ్చగా ఉంది. ఇదేమిటి భయ్యా అంటే, విమానంలో వచ్చింది దీదీ అన్నాడు కొట్టతను, అదేదో గొప్పయినట్టు. ప్రయాణ బడలిక కాబోలు అనుకున్నాను. యాపిల్ నొక్కితే వేలు లోపలికి పోయింది. మెయిన్‌ల్యాండ్‌లో ఎవరో ఎవరి కోసమో రాసుకున్న పట్టిక అది. అందులో ఉన్నవి మా దీవికి రావు, వచ్చినా ప్రాణాలతో రావు.

పోనీ ప్యాకెట్లయినా చూద్దామని మొదలుపెట్టాను. అక్కడ నాకు కాలం తెలియలేదు. ప్యాకెట్టు వెనక సరుకుల పేర్లు ఇష్టం వచ్చినట్టు రాయరు, ఎక్కువ వేసింది ముందు, తక్కువ వేసింది వెనక రాస్తారు. ఈ సంగతి తెలిశాక ఆ కొట్టు కొట్టంతా నాకు కొత్తగా కనిపించింది. గోధుమ రంగు బ్రెడ్డులో మొదటి పేరు మైదా, రంగు మాడ్చిన చక్కెరది. తొమ్మిది ధాన్యాల బిస్కెట్టులో మైదా, చక్కెర, నూనె అయ్యాక ధాన్యాలు వరసగా నిలబడి ఉన్నాయి, తొమ్మిదీ కలిపి చిటికెడు. మసాలా ఓట్స్‌లో కూడా చక్కెర. నేను ఒక్కొక్కటే తీసి, చదివి, తిరిగి అరలో పెడుతుంటే కొట్టతను చూసి చూసి, దీదీ, కొంటారా లేక లైబ్రరీ అనుకున్నారా అన్నాడు. అతని బాధ అతనిది. చివరికి విడి సరుకు ఉన్న మూలకు వెళ్లాను. అక్కడ చదవడానికి ఏమీ లేదు. ఉలవలంటే ఉలవలే, పెసలంటే పెసలే.

బజారు బయట కాలిబాట మీద ఒకావిడ కూరలు అమ్ముతుంది. ఫెరార్గంజ్ వైపు పొలం, పొద్దుటి బస్సులో గంపతో దిగుతుంది. ఇన్నాళ్లూ ఆవిడ దగ్గర కొత్తిమీర తప్ప కొనలేదు. ఆ రోజు పక్కన చతికిలబడి ఏ నెలలో ఏం కాస్తుందని ఆరా తీశాను. తోటకూర, బచ్చలి, మునగాకు, కాకర, పచ్చిబొప్పాయి, అరటిపువ్వు, కంద. నా ఫోను పట్టికలో వీటిలో ఒక్కదాని పేరు కూడా లేదు. వానల్లో దొరుకుతాయా, ఓడ రాకపోతే ఏమిటి అని అడిగితే ఆవిడ నన్ను జాలిగా చూసి, నా తోటకు ఓడ రాదమ్మా అంది హిందీలో.

ఇంటికొచ్చి కాగితం మధ్యన గీత గీసి ఒక పక్క ఓడ సరుకు, ఇంకో పక్క ఒడ్డు సరుకు అని రాసుకున్నాను. నిలవ ఉండేవన్నీ ఓడ పక్కన. రాగులు, ఉలవలు, పెసలు, శనగలు, కందిపప్పు, వేరుశనగలు. వాటిని అయిపోకముందే తెచ్చుకోవాలి. ఆకుకూరలు, కాయలు, చేపలు ఒడ్డు పక్కన. వాటిని వారానికి రెండుసార్లు, ఏది తాజాగా ఉంటే అది. అంత చిన్న గీత గియ్యడానికి ఇన్నేళ్లు పట్టిందేమిటా అనిపించింది. నా మీద నాకు ముచ్చటేసింది కూడా.

రాగులు దొరకడం మాత్రం తేలిక కాలేదు. నాలుగో కొట్టులో దొరికితే గెలిచిన జట్టులా ఇంటికి తెచ్చాను. అత్త సంచి మూతి విప్పి, పిడికెడు తీసి అరచేతిలో అటూ ఇటూ ఆడించింది.

"ఇయి చోళ్లే గదమ్మీ" అంది.

ఆవిడ పుట్టింటివాళ్లది శ్రీకాకుళం ఒడ్డు. అక్కడ రాగుల్ని చోళ్లంటారట. అదీ నాకు అప్పుడే తెలిసింది. వాళ్ల చిన్నతనంలో పొద్దున చోడి అంబలి, సాయంత్రం చోడి అంబలి. వరన్నం అంటే ఊళ్లో పెద్ద రైతుల ఇళ్లలో ఉండేది. అడగ్గా అడగ్గా చెప్పింది.

"ఇయి తినలేకే మా నాయిన ఓడెక్కీసినాడు. తెల్లన్నం కోసరం సముద్రం దాటొచ్చినోళ్లం. ఇప్పుడు ఈ చోళ్లు కూడా ఓడెక్కి ఎనకాల తరుముకొచ్చినాయేటి?"

నవ్వుతూనే అంది. కానీ ఆ రాగులు అటక మీదికి వెళ్లిపోయాయి. ఉలవలూ వెళ్లాయి. వారం గడిచినా కంచంలోకి తెల్లన్నమే వస్తోంది, పొద్దున సేమియా ఉప్మాయే వస్తోంది. మా ఇంట్లో వంట అత్తది, నాది బజారూ బడీ. ఎందుకు వండలేదని అడిగితే, ఆటి వంతు ఇంకా రాలేదంది. ముందు డ్రమ్ములో బియ్యం అవ్వాలి, మైదా అవ్వాలి, సేమియా, రవ్వ, చక్కెర, అన్నీ అవ్వాలి. నేను వేళ్ల మీద లెక్కేశాను. మేం ముగ్గురం మామూలుగా తింటూ పోతే వీటన్నిటికీ దగ్గర దగ్గర మూడు నెలలు. అంటే రాగుల వంతు వచ్చేసరికి పరీక్ష అయిపోయి, మా ఆయన వర్క్‌షాపులో కూర్చుని ఉంటాడు.

ఇది తప్పని అత్తకు చెప్పడం ఎంత కష్టమో ఎవరికైనా తెలుస్తుందా? ఆవిడ లెక్కలో వంకేమీ లేదు. దాని పుణ్యాన ఆ ఇంట్లో ఎవరూ పస్తు పడుకోలేదు. నేను మూడో తరగతికి చెప్పినట్టు చెప్పాను. మీ అబ్బాయి రేపు తినబోయేదాన్ని కాదు, ఈ రోజు తిన్నదాన్ని కొలుస్తారత్తా అన్నాను. ఆవిడ ఇంకో రెండు రోజులు తెల్లన్నమే వండింది. మూడో రోజు పొద్దున అటక మీంచి రాగుల సంచి దింపి తిరగలి దగ్గర పెట్టింది.

"సరే. మీయి మీరు తినండి. పాతయి నాను సూసుకుంటాను" అంది.

గెలిచానని సంబరపడ్డాను. ఆ మాటను ఇంకోసారి నెమరు వేసుకుని ఉంటే బాగుండేది.

అత్త ఒకసారి సరేనంటే ఇక వెనక్కు చూడదు. చోడిరొట్టెలో మునగాకు కలిపేది. ఉలవలు మొలకెత్తించి కూర చేసేది. పచ్చిబొప్పాయిలో పెసరపప్పు, కందలో బచ్చలి, చేపల పులుసులోకి అన్నానికి బదులు చోడి సంకటి. చిన్నప్పుడు తినలేక పారిపోయిన తిండిని ఆవిడ అంత రుచిగా ఎలా వండుతుందో నాకు వింతగా ఉండేది. పక్కన నిలబడి ఇదెందుకు, అదెందుకు అని అడుగుతుంటే గరిటెతో నన్ను అవతలికి తోసేది. ఓడకు వెళ్లేటప్పుడు మా ఆయనకు డబ్బా కట్టిచ్చేది, వేయించిన శనగలు, రొట్టెలు, ఉలవపొడి. ఓడ వంటవాడు ముందు నొచ్చుకున్నాడట. తర్వాత ఆ పొడి తనకూ కొంచెం కావాలన్నాడట. మా ఆయన మాత్రం గడ్డొక్కటే తక్కువైంది, అది కూడా తెచ్చి పెట్టు అని నన్ను ఎత్తిపొడిచేవాడు. చక్కెర లేని టీ ఆముదం తాగినట్టు తాగేవాడు. ఇంట్లో చక్కెర చూసుకునే మిషను కొందామంటే వద్దన్నాడు, రోజూ వేలు పొడుచుకుని రోజూ దిగులు పడలేనన్నాడు. దానికి బదులు ప్రతి రాకకూ బెల్టు వంక చూసుకునేవాడు. రెండు రంధ్రాలు లోపలికి వెళ్లింది.

రెండో నెలలో వానలు ముదిరి, సముద్రం లేచి, ఓడ రాలేదు. వస్తుందన్న రోజు దాటి వారమైంది, ఇంకా రాలేదు. అబర్డీన్ బజార్‌లో ఉల్లిపాయలు, బంగాళాదుంపలు మాయమయ్యాయి. కొట్లలో బిస్కెట్లు తప్ప అరలన్నీ ఖాళీ. మాకు మాత్రం లోటు తెలియలేదు. ఫెరార్గంజ్ ఆవిడ తడిసిన గంపతో రోజూ దిగుతూనే ఉంది. నా కాగితం మీది గీత పని చేసిందని గర్వంగా ఉండేది. ఆ రోజుల్లోనే పక్కింటి దీదీ గిన్నె పట్టుకుని కందిపప్పు కోసం వచ్చింది. ఓడ రానప్పుడు ఇళ్ల మధ్య ఇలా ఇచ్చిపుచ్చుకోవడం ఇక్కడ మామూలే. అత్త ముందువరస డబ్బా ముట్టుకోకుండా, అన్నిటికంటే వెనకున్న కొత్త పప్పు డబ్బా దింపి గిన్నె నిండా పోసింది. ఆమె వెళ్లాక నేను ఊరుకోలేదు. కొత్తది ఎందుకు, పాతవే తలా కొంచెం ఇచ్చేస్తే మనకు ఖాళీ అవుతాయి కదత్తా, బియ్యం కూడా ఇచ్చెయ్యొచ్చు కదా అన్నాను.

"పాతది మనం తినాల, కొత్తది ఇయ్యాల. పురుగున్న గింజ ఒకరి సేతిలో పెడితే అది ఇచ్చినట్టా?"

ఎక్కడా రాసి లేకపోయినా ఇదీ ఒక చట్టమే అన్నమాట అనుకున్నాను.

ఇవ్వకూడదు, పారబొయ్యకూడదు. మరి ఆ బియ్యం ఏమవుతున్నాయి? నన్ను అనుమానం పురుగులా తొలవడం మొదలుపెట్టింది. అత్త చూడకుండా డ్రమ్ములో చెయ్యి పెట్టి చూసేదాన్ని. మొదట్లో మణికట్టు దించితే గింజ తగిలేది. రెండు వారాలు తిరిగేసరికి మోచెయ్యి దాకా దించాల్సి వచ్చింది. పరీక్ష దగ్గర పడేసరికి వంగి భుజం దాకా దించితే గాని అందలేదు. మేం తెల్లన్నం ముట్టడం లేదు కదా, ఎక్కడికి పోతున్నాయి? ఎలకలని అనుమానించాను. డ్రమ్ముకు చిల్లు లేదు. మా ఆయన దొంగతనంగా తింటున్నాడా అనుకున్నాను. ఆయన ఓడలో ఉన్నప్పుడు కూడా తగ్గుతున్నాయి. చివరికి అత్తనే అడిగాను. కోళ్లకేస్తన్నానంది. మాకు కోళ్లు లేవు, పక్కింట్లో ఉన్నాయి. రోజూ అంతంత మేస్తూ కూడా ఆ కోళ్లు అంత బక్కగా ఎందుకున్నాయా అని నాలుగు రోజులు ఆశ్చర్యపోయాను. చక్కెర డబ్బా కూడా తగ్గుతోంది, సేమియా ప్యాకెట్లూ తగ్గుతున్నాయి. కోళ్లు సేమియా తింటాయా అని అడగాలనే అనుకున్నాను. అడగలేదు. ఆవిడ చెప్పింది నాకు అనువైన జవాబు కాబట్టి నమ్మేశాను. ఉన్న సంగతి అదే. రాత్రి పూట మాతోపాటు కూర్చున్నప్పుడు ఆవిడ రొట్టె తుంచి పక్కన పెట్టేసి, మధ్యాహ్నం తిన్నది అరగలేదనేది. పెద్ద వయసు కదా అనుకున్నాను. పగలంతా నేను బడిలో, ఆయన ఓడలో.

పరీక్ష రోజున అత్త కూడా వస్తానంది. మంచి చీర కట్టుకుని మాకంటే ముందు గుమ్మంలో నిలబడింది. ఆసుపత్రిలో మా ఆయన రక్తం ముందే ఇచ్చి ఉన్నాడు, ఆ రోజు వెళ్లింది ఫలితం కోసం. ఆయన లోపలికి వెళ్లాక మేమిద్దరం వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. పక్కన బల్ల వేసుకుని ఒక నర్సు వచ్చేపోయే పెద్దవాళ్లందరికీ వేలు పొడిచి చక్కెర చూస్తోంది. నర్సు పిలిస్తే అత్త సరదాగా లేచి వెళ్లి వేలు చాపింది.

నర్సు మిషను వంక చూసింది. ఇంకో వేలు తుడిచి మళ్లీ పొడిచింది. మళ్లీ చూసి, పొద్దున ఏం తిన్నారమ్మా అని హిందీలో అడిగింది. అత్త బడిలో అప్పజెప్పినట్టు చెప్పింది. మేం లేవకముందే సేమియా ఉప్మా. రెండు గ్లాసుల టీ, చక్కెర నీరు కారిపోతోంది కాబట్టి నాలుగేసి చెంచాలు. నిన్న మధ్యాహ్నం? అన్నం. మొన్న? అన్నమే, ఇంకో పూట మైదా రొట్టె. రోజూనా? మూడు నెలల్నుంచి రోజూనే అంది. ఒక్కర్తినే తినాలి గనక పొద్దెక్కాక ఒక కుండ, నేను బడి నుంచి వచ్చేలోగా ఇంకో కుండ అంది. నర్సు నా వైపు తిరిగి, ఈవిణ్ణి ఇవాళే డాక్టరుకు చూపించండి, ఆలస్యం చెయ్యొద్దు అంది.

నాకు ముందు కోపం వచ్చింది. బెంచీ దగ్గరికి తీసుకొచ్చి, కోళ్లకేస్తున్నానన్నావు కదత్తా అన్నాను. గొంతు పెద్దదే అయింది, పక్కవాళ్లు చూశారు. అత్త వేలి మీది దూది నొక్కి పట్టుకుని కూర్చుంది. తప్పు చేసినట్టు లేదు ఆవిడ మొహం.

"ఆడు ఓడెక్కాల. సరుకు పారబొయ్యకూడదు. రెండూ అవ్వాలంటే తినీవోళ్లు ఒకరుండాల గదమ్మీ" అంది.

అప్పుడే మా ఆయన కాగితం పట్టుకుని బయటికొచ్చాడు. దిగిందట. హద్దు కిందికే దిగిందట. ఓడ ఎక్కొచ్చని ముద్ర వేసి ఇచ్చారు. వరండాలో అంతమంది ముందూ వాళ్లమ్మ చేతులు పట్టుకుని ఊపేశాడు. ఆవిడ కళ్లు మెరిశాయి. నేను ఆ చేతులు విడిపడేదాకా ఆగి నర్సు అన్నది చెప్పాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లి వాళ్లమ్మ పేరు మీద చీటీ రాయించుకొచ్చాడు. డాక్టరు ఆవిడకూ మాత్ర రాశాడు, మరికొన్ని పరీక్షలు రాశాడు. మీ అబ్బాయికి ఏం పెడుతున్నారో అదే మీరూ తినండి అన్నాడు. అత్త బుద్ధిగా తలూపింది.

ఇంటికి రాగానే డ్రమ్ము వంచి చూశాను. అడుగున మూడు గుప్పెళ్లు మిగిలాయి, సగం పురుగే. పారబోద్దామని చేటలోకి తీశాను గాని, ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఏరాను. వండి, ముగ్గురికీ తలా గుప్పెడు పెట్టి, పక్కన తోటకూర పప్పు గుట్టగా వేశాను. మా ఆయన కంచంలోది వాళ్లమ్మ తీసేయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని తినేశాడు. ఎల్లుండి ఓడ ఉంది ఆయనకు.

అందరూ లేచాక ఓడ సరుకు చీటీ రాయడానికి కూర్చున్నాను. పాత చీటీ ముందు పెట్టుకుని రాగులు ఎంత, ఉలవలు ఎంత అని ఎక్కిస్తున్నాను. ఆ తూకాలు నేను ఫోనులో లెక్క కట్టినవి. తలకు రోజుకు ఇంత అని, రోజులతో హెచ్చవేసి. ఎందుకో ఒక్కసారి సరిచూద్దామనిపించి మళ్లీ వేశాను. ఎన్నిసార్లు వేసినా అది ఇద్దరి తిండే. మొదటి రోజు మనుషులెందరని ఫోను అడిగినప్పుడు ఆయన్నీ నన్నూ లెక్కేసుకుని రెండు అని నొక్కానన్నమాట. మూడు నెలలుగా ఇద్దరికి తెచ్చిన సరుకు ముగ్గురున్న ఇంట్లో ఒక్కరోజు కూడా తక్కువ పడలేదు. ఊరందరి ప్యాకెట్లూ తిప్పి చదివినదాన్ని, ఇదెందుకని ఒక్కసారైనా నన్ను నేను అడగలేదు.

అత్త నా పక్కనే కూర్చుని తమలపాకు తుడుచుకుంటోంది. ఆవిడకు అక్షరాలు రావు, కనక నేనేం దిద్దుతున్నానో తెలియదు. మొహం ఎత్తకుండా అన్ని తూకాలూ కొట్టేసి ముగ్గురికి రాశాను.